తాళం మనది, తాళంచెవి ఎవడిది?

ఫోను లాకు పడిపోయింది. నంబరు గుర్తు రావడం లేదు. ఏం చేయాలి? బజార్లో దీనికి ఒకటే జవాబు: "రీసెట్ కొట్టేద్దాం, అయిదు నిమిషాల పని." కూలి డబ్బుల్లోంచి తీసి షాపువాడి చేతిలో పెడతాం. ఫోను వెలుగుతుంది. సంతోషంగా ఇంటికొస్తాం. అప్పుడు తెలుస్తుంది, వెలిగేది ఖాళీ ఫోనని.

ఇదొక సమస్యా, దీనికొక వ్యాసమా అని మన కార్యకర్తల్లోనే కొందరు అంటున్నారు. భూమి సమస్య ఉంది, శ్మశానం సమస్య ఉంది, కోర్టుల్లో కేసులున్నాయి, అవన్నీ వదిలేసి సెల్‌ఫోన్ తాళాల గొడవ ఏమిటంటున్నారు. సరే, అడుగుదాం. ఆ భూమి కాగితం ఫొటో ఎక్కడుంది? శ్మశానం దున్నేసిన రోజు తీసిన వీడియో ఎక్కడుంది? కేసు వెనక్కి తీసుకోమని అర్ధరాత్రి వచ్చిన బెదిరింపు ఎక్కడ రికార్డయి ఉంది? అన్నీ ఫోన్లోనే. మన అమ్మల ట్రంకు పెట్టె ఇప్పుడు మన జేబులోకి వచ్చింది. ఆ పెట్టెని తుడిచిపెట్టే పద్ధతి ఒకటుందనీ, దాని పేరే ఫ్యాక్టరీ రీసెట్ అనీ వాడవాడకీ తెలియాలి. ఎప్పుడు చేయాలో తెలియాలి. అంతకన్నా ముఖ్యంగా, ఎప్పుడు చేయకూడదో తెలియాలి.

రీసెట్ అంటే తాళం తీయడం కాదు

మొదట ఈ భ్రమ పోవాలి. ట్రంకు పెట్టె తాళంచెవి పోయిందని ఒకడి దగ్గరికి వెళితే, వాడు లోపలున్న పట్టా కాగితాలు, పెళ్ళి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ తగలబెట్టి, ఖాళీ పెట్టె మన చేతిలో పెట్టి "తెరిచానన్నా" అంటే ఒప్పుకుంటామా? రీసెట్ చేసే పని సరిగ్గా అదే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఫోను ఎలా ఉందో అలా చేసేస్తుంది. మనం దాచుకున్నదంతా పోతుంది.

"పోయినవాటిని మళ్ళీ తెప్పిస్తా, ఇంకో వెయ్యి ఇవ్వు" అనేవాళ్ళున్నారు. నమ్మకండి. పాత రోజుల్లో చెరిపేసినదాన్ని కొంత వెనక్కి తీయగలిగేవారు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, కొత్తగా తయారయ్యే ఫోన్లన్నీ లోపలి సమాచారాన్ని ఎవరికీ అర్థంకాని గుప్త లిపిలోకి మార్చి దాచాలని నియమం పెట్టారు. ఆ లిపిని విప్పే చెవి కూడా ఫోన్లోనే ఒక మూల దాగి ఉంటుంది. రీసెట్ కొట్టగానే ఫోను ఆ చెవినే నాశనం చేస్తుంది. ఇక లోపల మిగిలిందేదైనా చదవడానికి పనికిరాదు. షాపువాడి వల్లా కాదు, పోలీసుల ల్యాబ్ వల్లా కాదు.

మరి ఏం మిగులుతాయి? సిమ్‌కార్డు మిగులుతుంది. విడిగా వేసుకున్న మెమరీ కార్డులో ఫొటోలుంటే మామూలుగా మిగులుతాయి, ముందే తీసి పక్కన పెట్టుకోవాలి. గూగుల్ ఖాతాలోకి ముందే బ్యాకప్ అయినవి మిగులుతాయి. వాట్సాప్ బ్యాకప్ పెట్టుకున్నవాళ్ళకి ఆ మాటలు మళ్ళీ వస్తాయి. పెట్టుకోనివాళ్ళకి ఏదీ లేదు.

సాక్ష్యం ఎవరి దగ్గరుంది?

1985 జూలై 17న కారంచేడు జరిగింది. 1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. ఆ రోజుల్లో మన దగ్గరున్న సాక్ష్యం మన కళ్ళు, మన నోరు. చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకునేదాకా మనవాళ్ళు పోరాడారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మనవాళ్ళ సాక్ష్యం నమ్మదగినట్టు లేదన్నారు. కళ్ళారా చూసినవాడి మాట చాల్లేదు. మన నోటిమాటకి ఈ వ్యవస్థలో ఎంత విలువుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇవాళ వాడలో కుర్రాడి చేతిలో ఫోనుంది. దాడి జరుగుతుంటే తీస్తాడు. కులం పేరుతో తిట్టిన తిట్టు రికార్డవుతుంది. తేదీ, వేళ ఫోనే రాసుకుంటుంది. అది మన పక్షాన నిలబడే సాక్షి. ఆ సాక్షిని మనమే షాపువాడి బల్లమీద పెట్టి చంపుకుంటామా?

చట్టం ఏం చెప్తుందో కూడా చూడండి. ఫోన్లో తీసిన వీడియో కోర్టులో నిలవాలంటే, దాని నకలుతో పాటు సర్టిఫికెట్ కావాలని 2020 జూలైలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అసలు ఫోన్నే దాని యజమాని కోర్టుకి తెచ్చి, తనదేనని బోనెక్కి చెప్తే ఆ సర్టిఫికెట్ అక్కర్లేదని కూడా అదే తీర్పు చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో ఈ సర్టిఫికెట్ సంగతి 63వ సెక్షన్లో ఉంది. అంటే అసలు ఫోనుకి ఉన్న బలం వేరు. నలుగురికి ఫార్వర్డ్ చేశాం కదా, చాల్లే అనుకోవద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో కుదించుకుపోతుంది. ఎప్పుడు తీశారో తెలిపే గుర్తులు చెదిరిపోతాయి. ఇది ఎక్కడిది, ఎవరు తీశారు అని ఎదుటి వకీలు అడుగుతాడు. అసలు ఫోను రీసెట్ అయిపోయి ఉంటే ఏం చూపిస్తాం?

ఇంకో సంగతి. దాడి జరిగిన నాలుగోరోజు పెద్దమనుషులు వాడలోకి వస్తారు. "ఊళ్ళో ఉండాల్సినవాళ్ళం, రాజీ పడదాం. ఆ వీడియో తీసెయ్యండి, ఫోను రీసెట్ కొట్టించండి, కొత్త ఫోను మేం కొనిపెడతాం" అంటారు. ఈ మాట విన్నప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(2)(vi) సెక్షన్ ప్రకారం, ఆ చట్టం కింద నేరం జరిగిందని తెలిసి, నేరస్తుణ్ణి కాపాడటానికి సాక్ష్యం మాయం చేయించిన దళితేతరుడికి ఆ అసలు నేరానికి ఎంత శిక్షో అంత శిక్షా పడుతుంది. కొత్త ఫోను కొనిపెడతానన్నవాడు మనమీద జాలితో అనడం లేదు. వాడికి కావలసింది మన పాత ఫోను ఖాళీ కావడం.

రెండో తాళం

రీసెట్ కొట్టాక చాలామందికి ఇంకో దెబ్బ తగులుతుంది. ఫోను వెలిగి, ఇంతకుముందు వాడిన గూగుల్ ఖాతా చెప్పమని అడుగుతుంది. ఇది 2015 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్న రక్షణ. దొంగ ఎత్తుకుపోయి రీసెట్ కొట్టినా వాడుకోలేకుండా పెట్టారు. మంచిదే. కానీ మన వాడల్లో దీనివల్ల బిగుసుకుపోయేది దొంగ కాదు, సొంతదారుడే. ఎందుకని?

ఫోను కొన్నరోజు గుర్తు తెచ్చుకోండి. షాపులో కుర్రాడే పెట్టె విప్పాడు. "మెయిల్ ఐడీ ఉందా?" అన్నాడు. లేదన్నాం. వాడే ఏదో పేరు కొట్టి, ఏదో పాస్‌వర్డ్ పెట్టి, ఒక్కోసారి వాడి నంబరే ఇచ్చి ఖాతా తెరిచాడు. మనం ఆ పేరూ చూడలేదు, పాస్‌వర్డూ అడగలేదు. డబ్బు మనది, ఫోను మనది, తాళంచెవి వాడిది.

ఇది కొత్త కథ కాదు. మన తాతలు ఏం రాసుందో తెలియకుండా ప్రోనోటు మీద వేలిముద్ర వేశారు. తీర్చిన అప్పు తీరలేదన్నారు, భూమి పోయింది. రాయడం ఎవడి చేతిలో ఉందో పెత్తనం వాడి చేతిలో ఉంది. ఇవాళ అదే వేలిముద్రతో ఫోను తెరుచుకోవచ్చంటున్నారు. నాట్లేసి, రాళ్ళు కొట్టి, తోలు పని చేసి అరిగిపోయిన వేళ్ళని ఆ గాజు గుర్తుపట్టదు. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే ఎవరి వేలైనా సరే ఒప్పుకోదు, నంబరే అడుగుతుంది. ఆ నంబరు కొడుక్కి తెలుసు, భర్తకి తెలుసు, ఆ ఇంటి ఆడమనిషికి తెలియదు. డ్వాక్రా లెక్కలు, బ్యాంకు మెసేజీలు ఆమెవి. తాళంచెవి ఇంకొకరిది. వాడలో మనం ప్రశ్నించే పెత్తనం ఇంట్లో ఉంటే ప్రశ్నించొద్దా?

"ఆ గూగుల్ అడగకుండా దాటించేస్తా" అని డబ్బులు గుంజేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు ఎక్కించే ఊరూపేరూ లేని సాఫ్ట్‌వేర్ మన ఓటీపీలు కూడా చూడగలదు. అలా తాళం పగలగొట్టిన ఫోన్లు చౌకగా అమ్మకానికొస్తే కొనొద్దు. దొంగ ఫోను మన కుర్రాడి జేబులో దొరికితే, దొంగ ఎవడని పోలీసులు వెతకరు. *#06# కొడితే ఫోను ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. 2023 మేలో కేంద్రం మొదలుపెట్టిన సంచార్ సాథీలో ఆ నంబరు సరిచూసుకుని కొనండి. మన ఫోను పోతే అక్కడే బ్లాక్ చేయించుకోవచ్చు.

ఏం చేయాలి?

తాళం పడకముందే చేయాల్సినవి. ఖాతా మన పేరుతో, మన నంబరుతో ఉందో లేదో ఇవాళే చూసుకోవాలి. లేకపోతే మనదే కొత్తది తెరిచి, షాపువాడిది తీసేయాలి. పిన్, ఖాతా పేరు, పాస్‌వర్డ్ ఒక నోటు పుస్తకంలో రాసి రేషన్ కార్డుతో పాటు పెట్టెలో దాచాలి. ఫోను కవరు వెనక దాస్తే ఫోనుతో పాటే పోతుంది. కేసుకి సంబంధించిన వీడియోని అదే రోజు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి, అప్పుడు కుదించుకుపోదు. అత్యాచారానికి గురైన ఆడపిల్ల కనిపించే వీడియోని మాత్రం వకీలుకి, పోలీసులకి తప్ప ఎవరికీ పంపకూడదు.

తాళం పడ్డాక చేయాల్సినవి. కంగారుపడి నొక్కుతూ పోవద్దు. తప్పు కొట్టేకొద్దీ ఫోను ఎక్కువసేపు ఆగమంటుంది. కొన్ని ఫోన్లలో ఆ ఏర్పాటు పెట్టి ఉంటే తనంతట తానే తుడిచేసుకుంటుంది. ఇంట్లో అందరినీ అడగండి, చాలాసార్లు నంబరు పెట్టింది పిల్లలే. లోపల కేసు సాక్ష్యం ఉంటే రీసెట్ మాటే ఎత్తొద్దు. ఫోను ఆపి, భద్రంగా పెట్టి, వకీలు దగ్గరికి తీసుకెళ్ళండి. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో కొన్ని ఫోన్లను తెరవగలరు. తుడిచేసిన ఫోనుకి ఆ ఆశ కూడా ఉండదు. పోలీసులు ఫోను తీసుకుంటే ఐఎంఈఐ నంబరు రాసిన పంచనామా నకలు అడగండి. సోదా, స్వాధీనం వీడియో తీయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ చెప్తోంది, అది గుర్తు చేయండి.

అలాంటివేవీ లేవు, ఫోను పనిచేస్తే చాలు అనుకుంటే, మొదట మరో ఫోన్లో మన గూగుల్ ఖాతా తెరుచుకుంటుందో లేదో చూడండి. పాస్‌వర్డ్ మార్చాల్సి వస్తే మార్చి 24 గంటలు ఆగండి. సిమ్, మెమరీ కార్డు తీసేయండి. చార్జింగు సగానికి పైన ఉండాలి. ఫోను ఆపి, పవర్ బటన్, సౌండ్ పెంచే బటన్ కలిపి నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఒక మెనూ వస్తుంది. కంపెనీని బట్టి బటన్లు మారతాయి. అందులో డేటా తుడిచేసే, ఫ్యాక్టరీ రీసెట్ చేసే వరుస ఎంచుకోవాలి. తర్వాత పాత ఖాతా అడుగుతుంది, ఇవ్వాలి. అంతే. దీనికి షాపు అక్కర్లేదు. వాయిదాల మీద కొన్న ఫోనుకి ఫైనాన్సువాడు వేసిన తాళం మాత్రం మామూలుగా దీంతో పోదు, ఆ లెక్క వాడితోనే తేల్చుకోవాలి.

రీసెట్ ఎప్పుడూ చెడ్డది కాదు. ఫోను అమ్మేటప్పుడు, మార్చుకునేటప్పుడు తప్పకుండా చేయాలి. కావలసినవి దాచుకుని, ఖాతా తీసేసి, మన చేత్తో మనమే తుడిచి ఇవ్వాలి. లేకపోతే మన ఆడపిల్లల ఫొటోలు ఎవడి చేతిలో పడతాయో తెలియదు. మనం చేస్తే అది రక్షణ. మనకి తెలియకుండా ఇంకొకడు చేస్తే అది నష్టం.

సర్కారుని కూడా ఒక మాట అడగాలి. రేషను, పింఛను, స్కాలర్‌షిప్పు, బ్యాంకు, దేనికి చూసినా ఓటీపీ. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ కూలీల హాజరు కూడా ఫోను యాప్‌లోనే వేయాలన్నారు. యాప్ తెరుచుకోని రోజు, కూలి ఎవరిది పోయింది? బతుకంతా ఫోనుకి కట్టేసినవాళ్ళు, ఫోను మూగబోయిన రోజు కాగితం మీద హక్కు ఇవ్వాలి. ఫోను లాకయితే హక్కు లాకు కాకూడదు. గ్రామసభలో ఇది పెట్టి తీర్మానం రాయించండి.

సంఘం మీటింగులో ఒక అరగంట దీనికి కేటాయించండి. చదువుకున్న కుర్రాళ్ళు, అమ్మాయిలు ఇంటింటికీ వెళ్ళి చూడండి, ఎవరి ఖాతా ఎవరి పేరుమీద ఉందో. మొదట ఆడవాళ్ళకి నేర్పండి. వాళ్ళ పిన్ మీరు అడగొద్దు, వాళ్ళ చేతే పెట్టించి మొహం పక్కకి తిప్పుకోండి. నాయకుడైనా సరే, ఇంకొకరి తాళంచెవి జేబులో పెట్టుకోకూడదు.

చదువు మనకి అందకుండా ఇన్ని వందల ఏళ్ళు తాళం వేశారు. ఆ తాళం తీసుకున్నవాళ్ళం, ఈ తాళంచెవిని ఎవడి చేతిలోనో పెట్టి రావద్దు.

జై భీం.