తూకం వేసే ముందు చదవాలి

మా బాపమ్మ మెడలో రూపాయల దండ ఉండేది. అన్నీ పాత వెండి బిళ్ళలే. వాటి మీద తెల్లదొరల రాజు తలకాయ ఉండేది. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు తమ్మునికి జరం వచ్చింది. దవాఖాన ఖర్చుకు నాయిన ఆ దండ అమ్మిండు. నేను వెంట పోయిన. దుకాణపాయన తరాజుల వేసి తూకం పైసలిచ్చిండు. ఏ బిళ్ళ ఏ సంవత్సరానిదో ఎవ్వరం చూడలేదు. ఇంట్లో చదువొచ్చింది నాకొక్కదానికే. నేను కూడా చదవలేదు.

మొన్న శాతవాహనుల పాఠం విన్నప్పుడు అది యాదికొచ్చింది. మన పాత కరీంనగర్ జిల్లాలో, ఇప్పటి పెద్దపల్లి దగ్గర, పెద్దబంకూరు అనే ఊరున్నది. అక్కడ పురావస్తు శాఖ వాళ్ళు తవ్వితే వేల శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికినయి. అవి అగస్టస్, టైబీరియస్ అనే చక్రవర్తులవి. అగస్టస్ క్రీ.పూ. 27 నుంచి క్రీ.శ. 14 దాకా ఏలిండు.

ఆ వెండి నాణెం పేరు డెనారియస్. బరువు నాలుగు గ్రాములకు కొంచెం తక్కువ. మూడు కలిస్తే మన పాత వెండి రూపాయంత. రోమ్ రాజ్యంలో అది సుమారు ఒక రోజు కూలి. మిరియాలు, నూలు బట్టల కోసం వాళ్ళ వర్తకులు ఓడల మీద మన దేశం వచ్చేవాళ్ళు. అట్ల ఆ వెండి చేతులు మారి గోదావరి దిక్కు చేరింది. నాణెం మీది తలకాయను, చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాలను చదివినందుకే మన నేలకు అంత దూరంతో సంబంధం ఉండెనని రుజువైంది. కరిగిస్తే ఏమొచ్చేది? నాలుగు గ్రాముల వెండి కూడా రాకపోవు!

"చదివితే కడుపు నిండుతదా?" అని కొందరంటరు. నాయినది తప్పని నేను అనను. తమ్ముడు బతికిండు, అదే ముఖ్యం. కానీ చేన్ల పాత నాణెం దొరికితే భయపడి దాచొద్దు, కరిగించొద్దు. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. దొరికినోళ్ళకు వాటా సంగతి కూడా ఆ చట్టంలోనే ఉన్నది. ఇది మన ఊర్లల్ల ఎందరికి తెలుసు?

వార్డెన్ మేడం గారికి మనవి. సెలవులకు పంపేముందు ఈ మాట అందరికీ చెప్పండి. మిత్రులారా, ఇంట్లో పాత బిళ్ళలుంటే వాటి మీది అక్షరాలు, సంవత్సరం నోట్సుల రాసుకొని రండి. అమ్మడం తప్పకపోతే అమ్ముదురు గాని, ముందు చదవండి. మన ఇండ్లల్ల చదవగలిగేది మనమే.

– 9వ తరగతి విద్యార్థిని