గుడ్లగూబపై రాయి వేయకండి

పొద్దుగూకే వేళ చింతచెట్టుపై గుడ్లగూబ కూస్తే మన పల్లెల్లో ఏమి జరుగుతుందో అందరికీ తెలిసినదే. పెద్దలు కీడు శంకిస్తారు. పిల్లలు రాళ్ళు అందుకుంటారు. ఆ ఇంట ఎవరైనా మంచం పట్టి ఉంటే నింద అంతా పిట్టదే. ఈ అలవాటు ఇకనైనా మానుకోవాలి.

నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో 1872లో బ్లూయిట్ అనే ఆయన ఒక చిన్న గుడ్లగూబను సేకరించాడు. మరుసటి ఏడు హ్యూమ్ దానిని కొత్త జాతిగా ప్రకటించి బ్లూయిట్ పేరే పెట్టాడు. తర్వాత 1885లో కాంగ్రెసు స్థాపనకు పూనుకున్న హ్యూమ్ ఈయనే. 1884 తర్వాత ఆ పిట్ట జాడ లేదు. 1914లో గుజరాత్‌లో తాను పట్టానని ఒక ఆంగ్ల సైనికాధికారి చెప్పుకున్నాడు. అది అబద్ధమనీ, మ్యూజియంలోని పాత నమూనాను కాజేసి కొత్త చీటీ కట్టాడనీ అమెరికా శాస్త్రజ్ఞురాలు పమేలా రాస్ముసెన్ తేల్చారు. ఆమె, సహచరులు ఆ దొంగ చీటీని పక్కనబెట్టి, నిజమైన చీటీలు చెప్పిన చోట్ల వెదికారు. 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర పగటి వెలుగులోనే ఆ పిట్ట కనిపించింది. 113 ఏళ్ళ తర్వాత!

ఇది ఏ ప్రజాతిదన్న వాదం కూడా చాలాకాలం నడిచింది. హ్యూమ్ దీనిని హెటెరోగ్లాక్స్ అనే వేరే ప్రజాతిలో ఉంచాడు. 2018లో వెలువడిన జన్యు పరిశీలన దీనిని అథీనె ప్రజాతిలోనే చేర్చింది. అంటే మన ఊరి పైడికంటెకు ఇది దాయాది. పైడికంటెకు నెత్తిన, వీపున తెల్ల చుక్కలు బాగా ఉంటాయి. అడవి పిట్టకు నెత్తిన చుక్కలు అంతంత మాత్రమే, వీపున ఉండవు. మధ్య భారతపు టేకు అడవులే దానికి ఇల్లు. ఆ అడవులు నరికివేతకు గురవుతున్నందున అది ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉంది.

దాయాది కథ మనకెందుకని అనుకోరాదు. మన చేలగట్లపై తిరిగే గుడ్లగూబలు ఎలుకలను, పురుగులను తిని పంటను కాస్తున్నాయి. కూలి అడగని కాపలాదారును రాళ్ళతో తరుముతున్నాము. పూజలకూ, క్షుద్ర విద్యలకూ వీటిని పట్టి అమ్మేవారూ ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అటవీ సిబ్బంది దీపావళి ముందు సంతలపై కన్ను వేయాలి. ఉపాధ్యాయులు పిల్లలకు ఈ సంగతి బోధించాలి.

ఎవరికైనా వింత పిట్ట కనిపిస్తే రాయి వదిలి, చోటు, తేదీ ఉన్నదున్నట్టు రాసిపెట్టి అటవీ సిబ్బందికి తెలపాలి. ఒక అబద్ధపు చీటీ శాస్త్రాన్ని ఏళ్ళ తరబడి దారి తప్పించింది. నిజమైన చీటీ పోయిందనుకున్న పిట్టను తిరిగి చూపింది.