సంగట్లోకి పప్పు

కడపలో మా బావ ఈమధ్య ఒక డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. "నిద్ర పట్టదు, పొద్దున లేస్తూనే నీరసం. అడ్రినల్ గ్రంథులు అలసిపోయినాయంటప్పా. దీంట్లో అమైనో ఆమ్లాలుండాయి" అన్నాడు. ఫోన్లో చూసి తెప్పించుకున్నాడు. రెండు బోర్లు ఎండిపోయి, మూడోదానికి అప్పు వెతుకుతున్న మనిషి.

మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే ఆ గ్రంథులు 'అలసిపోతాయ'న్న మాట అమెరికాలో 1998లో పుట్టింది. 2016లో ఇద్దరు బ్రెజిల్ పరిశోధకులు 58 అధ్యయనాలను జల్లెడ పట్టి, అలాంటి జబ్బుకు ఆధారమే లేదని తేల్చారు. పైగా ఈ గ్రంథుల్లో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తయారయ్యేది కొలెస్టరాల్ నుంచి, అమైనో ఆమ్లాల నుంచి కాదు. నిజంగా ఈ గ్రంథులు మొరాయించే సందర్భం మన పల్లెల్లో వేరే ఉంది: కీళ్లనొప్పులకని ఏళ్ల తరబడి మింగిన స్టెరాయిడ్ మాత్రలను ఉన్నట్టుండి మానేయడం. అది ఏ డబ్బా మీదా రాయరు.

అమైనో ఆమ్లాలకూ మనసుకూ పొత్తే లేదనలేం. జొన్నలే ఆధారంగా బతికిన దక్కను కూలీలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలినచోట చర్మం నల్లబడేది, మనిషి దిగులులో కూరుకుపోయేవాడు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మితిమీరడమే కారణం కావచ్చని 1960లో హైదరాబాద్ పోషకాహార శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకంటియా అన్నారు. దానిమీద తర్వాత చాలా వాదాలు నడిచాయి. 2004లో వెలువడిన సిరియా అధ్యయనం ఇంకా ఆసక్తికరం. గోధుమ రొట్టెతోనే కడుపు నింపుకునే పేద ఇళ్లలో పిండికి లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం కలిపి మూడు నెలలు పెడితే, మగవారిలో ఆందోళన, ఆడవారిలో ఒత్తిడికి పెరిగే కార్టిసాల్ తగ్గాయి. పరిశోధకుల్లో అమైనో ఆమ్లాలమ్మే కంపెనీవారూ ఉన్నారు, కాబట్టి కొంచెం ఆచితూచే నమ్ముదాం. నమ్మినా, అది తిండిలో ఉన్న లోటును పూడ్చిన కథ. లోటు లేనివాడికి ఆ పొడి ఏం చేస్తుందో అది చెప్పదు.

గోధుమలోలాగే జొన్నలోనూ కొరవడే ఆ లైసినే కందిపప్పులో, ఉలవల్లో దండిగా ఉంది. సంగట్లోకి పప్పు వేసిన మన అవ్వలు ఈ లెక్కలు కట్టి వేయలేదు, రుచికే వేశారు.

డబ్బా ధరెంతని అడిగితే బావ మాట దాటేశాడు. వంటింట్లోంచి అక్క చెప్పింది, ఈ నెల కందిపప్పు అరకిలోతోనే సర్దుకున్నామని.