పాలో ఆల్టో తాళం, కుప్పం కెమెరా

కుప్పానికి ఒక అమెరికా కంపెనీ వచ్చి, మూడేళ్లుండి వెళ్లిపోయిందన్న సంగతి ఇప్పటి కుర్రాళ్లలో చాలామందికి తెలియదు. మన ఆఫీసుల్లో ప్రింటర్ల మీద పేరు కనిపించే హెచ్‌పీయే అది. 2002 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ‘ఐ-కమ్యూనిటీ’ పేరుతో కుప్పం చుట్టుపక్కల అయిదు మండలాల్లో, సుమారు మూడు లక్షల జనం మధ్య దిగింది. ఊళ్లలో కంప్యూటర్ కేంద్రాలు తెరిచారు. పేదవాళ్లకు పనికొచ్చే యంత్రాలు ఎలా ఉండాలో ఇక్కడ నేర్చుకుంటే రేపు వేరే దేశాల్లోనూ అమ్ముకోవచ్చన్నది లోపలి ఆలోచన. దాన్ని వాళ్లేమీ దాచలేదు, ‘సజీవ ప్రయోగశాల’ అని తామే పేరు పెట్టుకున్నారు. ప్రయోగానికి కుప్పాన్నే ఎందుకు ఎంచుకున్నారని అడగడం అమాయకత్వం. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నియోజకవర్గం మరి. అంతకు కొన్నేళ్ల క్రితం ఇజ్రాయెల్ తరహా డ్రిప్ సేద్యాన్ని చూపించడానికీ కుప్పం పొలాలే దొరికాయి.

పెద్ద కంపెనీల నాయకత్వం గురించి, వాటి ‘కల్చర్’ గురించి మాట్లాడేవాళ్లు ఎప్పుడూ హెడ్డాఫీసు వైపే చూస్తారు. మన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌ను ఎలా మార్చారో చెప్పే వ్యాసాలు ఇప్పటికి ఎన్ని చదివి ఉంటామో. నాకైతే కంపెనీ గుణం తెలియాలంటే దాని చిట్టచివరి కొసను చూడాలనిపిస్తుంది. హెచ్‌పీకి ఆ కొస కుప్పం.

బిల్ హ్యూలెట్, డేవ్ ప్యాకార్డ్ అనే ఇద్దరు స్నేహితులు 1939లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, ఒక కారు షెడ్డులో మొదలుపెట్టిన కంపెనీ అది. ప్యాకార్డ్ తన పుస్తకంలో ఒక ముచ్చట చెప్పారు. ఒక సెలవు రోజు హ్యూలెట్ ఫ్యాక్టరీకి వెళ్తే సామాన్ల గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి కోసం ఆయన ఎవరినీ పిలవలేదు. ఇనుము కోసే కత్తెర తెచ్చి తాళం తెంచేసి, ఇకమీదట ఈ గదికి తాళం వేయొద్దని చీటీ పెట్టి పోయారు. ఇంజనీరు పరికరం ఇంటికి పట్టుకెళ్లినా దానితో ఏదో ఒకటి నేర్చుకుంటాడులే అన్నది వాళ్ల లెక్క. మన దగ్గర ఇండెంటు మీద మూడు సంతకాలు పడనిదే స్టోరులోంచి స్క్రూ కూడా బయటికి రాదు.

1970లో మాంద్యం వచ్చి ఆర్డర్లు పడిపోయాయి. పదిశాతం మందిని ఇంటికి పంపక తప్పదనిపించింది. ఎవరినీ పంపలేదు. పై నుంచి కింది దాకా అందరూ రెండు వారాలకొక రోజు పని మానుకుని, పదిశాతం జీతం వదులుకున్నారు. ఆర్నెల్లకు ఆర్డర్లు మళ్లీ వచ్చాయి.

ఆ ఇంటికి 1999లో కార్లీ ఫియోరినా వచ్చారు. హెచ్‌పీ బయటి మనిషిని సీఈవోగా తెచ్చుకోవడం అదే మొదలు. 2001 వేసవిలో జీతాలు స్వచ్ఛందంగా తగ్గించుకోమని ఆమె కోరితే ఎనభై వేలమందికి పైగా ఒప్పుకున్నారు. పాత అలవాటు. కొద్ది వారాలకే ఆరు వేల ఉద్యోగాలు తీసేస్తున్నామని కంపెనీ ప్రకటించింది. 1970 గుర్తున్నవాళ్లు ఆ ప్రకటనను ఎలా చదువుకుని ఉంటారో వేరే చెప్పనక్కర్లేదు. ఆపైన కాంపాక్ విలీనం. హ్యూలెట్ కొడుకు వాల్టర్ ఎదురు నిలిచారు. 2002 మార్చిలో జరిగిన వాటాదారుల ఓటింగులో ఫియోరినా స్వల్ప తేడాతో నెగ్గారు. కుప్పంలో పథకం మొదలై అప్పటికి సుమారు నెల. అయినా అన్యాయంగా మాట్లాడకూడదు. పేద పల్లెల వైపు హెచ్‌పీ చూపు మళ్లింది ఆమె కాలంలోనే.

కుప్పంలో పనిచేసిన ఆలోచన మాత్రం బోర్డు రూములో పుట్టే రకం కాదు. సర్కారు కాగితం దేనికైనా ఫొటో అడుగుతారు. దానికోసం పల్లె నుంచి టౌనుకు రావాలంటే బస్సు చార్జీకి తోడు ఆ రోజు కూలీ పోతుంది. ఊళ్లోనే తీద్దామంటే కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. అందుకని డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, వాటిని నడిపే సోలార్ పలక, అన్నీ మోసుకెళ్లేటట్టు కూర్చి డ్వాక్రా సంఘాల ఆడవాళ్ల చేతికిచ్చారు. వాళ్లు ఊరూరా తిరిగి ఫొటో తీసి, అక్కడికక్కడే చేతిలో పెట్టి డబ్బు తీసుకునేవాళ్లు. ఇది తాళం తెంచిన హ్యూలెట్ గుణం. పనిచేసే మనిషిని నమ్మి పరికరం అప్పజెప్పడం. హెడ్డాఫీసులో అది పలచబడుతున్న రోజుల్లోనే కుప్పం మట్టిరోడ్ల మీద బతికి ఉండటం నాకు ఇప్పటికీ వింతే. 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఈ పథకం మీద వ్యాసం వచ్చింది. రాసిన ఇద్దరిలో ఒకరు హెచ్‌పీ ఉన్నతాధికారి డెబ్రా డన్.

2004 మేలో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2005 ఫిబ్రవరిలో ఫియోరినాను బోర్డు సాగనంపింది. తర్వాత వచ్చిన మార్క్ హర్డ్ ఖర్చులు కోసే మనిషి, ఆ జూలైలోనే 14,500 ఉద్యోగాలు తగ్గిస్తామన్నారు. కుప్పం గడువు కూడా అప్పటికి తీరింది. మూడేళ్లేనని ముందే చెప్పారు కాబట్టి వదిలేసిపోయారనడానికి లేదు. కానీ ఇంకొన్నేళ్లు నడపాలని పట్టుబట్టగల పెద్దలు అటు పాలో ఆల్టోలోనూ, ఇటు హైదరాబాదులోనూ కుర్చీలు దిగిపోయారు. పథకం ఆ రెండు కుర్చీలకే కట్టి ఉందని నా అనుమానం.

కుప్పం నుంచి పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లెకు వస్తే లెక్క తిరగబడుతుంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని పిల్లవాడిగా ఉన్నప్పుడే ఒక అంతర్జాతీయ సంస్థకు అధిపతిని చేశారు. ఆర్డర్ ఆఫ్ ది స్టార్‌కు ఎన్నో దేశాల్లో శాఖలు, భూములు, హాలండులో ఒక కోట కూడా ఉండేవి. 1929 ఆగస్టులో అదే హాలండులోని ఓమెన్‌లో, వేలమంది సభ్యుల ఎదుట ఆయన ఆ సంస్థనే రద్దు చేసి, కోటను ఇచ్చినవాళ్లకే తిప్పి ఇచ్చేశారు. ఏ సీఈవోకూ ఈ సలహా ఇవ్వలేం. వాటాదారులు కోర్టుకెక్కుతారు.

ఆయన స్థాపించిన రిషివ్యాలీ పాఠశాల 1980ల చివర్లో చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు పెట్టింది. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుని, మెట్లమెట్లుగా ఉన్న చార్టులో తమ తర్వాతి కార్డు ఏదో చూసుకుని ఎవరికివారు తీసుకుంటారు. పద్ధతి కార్డుల్లో ఉంది, హెడ్మాస్టరు గొంతులో లేదు. కర్ణాటకలో ‘నలి కలి’, తమిళనాడులో కార్యకలాపాల బోధన ఇక్కడి నుంచి వెళ్లినవే. ముఖ్యమంత్రులు మారినా నడిచాయి. బడిని కంపెనీతో పోల్చడం పూర్తిగా న్యాయం కాదు, బడి మూడు నెలలకోసారి లాభం చూపించక్కర్లేదు. అయినా దారి మనిషి చేతిలో కాకుండా పనిలోనే ఉంటే ఏమవుతుందో చూడటానికి ఇంతకన్నా దగ్గరి చోటు లేదు.

2023లో పుంగనూరు దగ్గర విద్యుత్ బస్సులు, లారీల ఫ్యాక్టరీ పెడతామని పెప్పర్ మోషన్ అనే జర్మన్ కంపెనీ ప్రకటించింది. ఎకరాలెన్ని, కోట్లెన్ని అన్నవే అప్పుడు వార్తలు. ఏ కంపెనీ వచ్చినా మనం అడిగేవి అవే. అడగనివి వేరే ఉన్నాయి. ప్లాంటు మేనేజరు పైవాళ్లకు ఫోను చేయకుండా ఎంత ఖర్చు పెట్టగలడు? పాడైన సరుకు కళ్లముందు పోతుంటే ఆపరేటరు లైను ఆపగలడా? టయోటా ఫ్యాక్టరీల్లో లైను ఆపే తాడు లాగే హక్కు మామూలు కార్మికుడిది. ఆ తాడు మనవాళ్లూ కడతారు, లాగినవాడికి మెమో ఇస్తారు.

ఉద్యోగానికి వెళ్లే మన పిల్లలు జీతం, పీఎఫ్, బస్సు సౌకర్యం అడిగి వస్తారు. అడగాల్సిందే. ఇంటర్వ్యూ అయ్యాక క్యాంటీనులో టీ తాగుతూ పాతవాళ్లను ఇంకొక్కటి కూడా అడగొచ్చు: కిందటిసారి లైను ఆపినవాడు ఇప్పుడు ఏ సెక్షన్‌లో ఉన్నాడన్నా?