వ్యాసం నేర్చుకోవాల్సింది కెమిస్ట్రీ క్లాసులోనే!

గ్రూప్‌-1 నోటిఫికేషన్‌ పడగానే చాలామంది చేసే మొదటి పని ఏంటి? ఎస్సే పేపర్‌కి కోచింగ్‌ ఎక్కడ బాగుంటుందో వాకబు చేయడం. తెలంగాణ గ్రూప్‌-1 మెయిన్స్‌లో జనరల్‌ ఎస్సేకి 150 మార్కులు. మూడు గంటల్లో మూడు వ్యాసాలు. సివిల్స్‌లో రెండు వ్యాసాలకు 250 మార్కులు. కంగారు సహజమే. కానీ మూడేళ్ల డిగ్రీలో నేర్చుకోని రాతను రెండు నెలల్లో నేర్చేసుకుందాం అనుకోవడమే పొరపాటు.

తప్పంతా మీదే కాదు. ‘నిర్వచించండి’, ‘వివరించండి’ లాంటి ప్రశ్నలకు గైడ్‌లో ఉన్నది దించేస్తే మార్కులు పడిపోతున్నాయి. రాయడం నేర్పేది తెలుగు, ఇంగ్లిష్‌ లెక్చరర్లే అని మిగతా డిపార్ట్‌మెంట్లు వదిలేశాయి. నన్నడిగితే వ్యాసం నేర్పాల్సింది సబ్జెక్టు క్లాసులోనే. భాష ఎంత బాగున్నా, చెప్పడానికి విషయం లేకపోతే వ్యాసం నిలబడదు.

కెమిస్ట్రీనే తీసుకోండి. తాగునీటిలో ఫ్లోరైడ్‌ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు ఫర్వాలేదు అని మన ప్రమాణాలు చెబుతాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్‌’ అని పేరు. ఇంతవరకు షార్ట్‌ ఆన్సర్‌. ‘ఫ్లోరైడ్‌ ఉన్న ఊరికి ఈ పద్ధతి చాలా, నది నీళ్లు తేవాలా?’ అని అడిగితే అది వ్యాసం. పటిక చవకే. కానీ మోతాదు తప్పకూడదు, అడుగున చేరిన మడ్డిని ఎక్కడో పారబోయాలి, రోజూ చూసుకునే మనిషి కావాలి. నది నీళ్లంటే పైపులైన్ల ఖర్చు. మీరు ఒక పక్షం తీసుకోవాలి. ఎదుటి వాదనకూ జవాబు చెప్పాలి. మెయిన్స్‌లో కావాల్సింది సరిగ్గా ఇదే.

‘సిలబస్‌కే టైమ్‌ చాలట్లేదు’ అంటారు లెక్చరర్లు. నిజమే, క్లాసు మొత్తం పేపర్లు దిద్దడం మాటలు కాదు. అందుకే యూనిట్‌కి ఒక ప్రశ్న, ఒకే పేజీ అడగండి. రాశాక ముందు మీలో మీరే మార్చుకుని చదవండి. మీ వాదనేంటో మీ ఫ్రెండ్‌ ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే తిరగరాయండి. తర్వాతే సార్‌కో, మేడమ్‌కో చూపించండి. విషయం తప్పుందేమో చూడమనండి చాలు.

నోటిఫికేషన్‌ ఎప్పుడొస్తుందో మన చేతుల్లో లేదు. ఈ వారం విన్న పాఠం మాత్రం మీ దగ్గరే ఉంది. అక్కడినుంచే మొదలుపెట్టండి.