ఆంగ్లమాధ్యమ తరగతిలో తెలుగు ఎవరి బాధ్యత?

ప్రాథమిక పాఠశాలల్లో ఆంగ్లమాధ్యమంపై తెలుగు శాఖలు సదస్సు జరిపినప్పుడల్లా ప్రసంగాలు ఒకేచోట మొదలై ఒకేచోట ముగుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో జారీచేసిన 81వ ఉత్తర్వు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేయడం, 2009 విద్యాహక్కు చట్టంలో మాతృభాషా బోధనకు తగిలించిన ‘సాధ్యమైనంతవరకు’ అనే షరతు, ఇవన్నీ చర్చించవలసినవే. అయితే మనం చర్చిస్తూ ఉండగానే తెలంగాణ 2022-23 నుంచి 1-8 తరగతుల్లో ఆంగ్లమాధ్యమాన్ని ప్రవేశపెట్టింది. ఆంధ్రప్రదేశ్ బడులూ ఆచరణలో ఆ దారినే నడిచాయి. ఇంట ఆంగ్లవాక్యం వినని పిల్లలు నేడు ఆంగ్లంలో గణితం చదువుతున్నారు. వారికి అందవలసిన సాయం గురించిన ప్రశ్నను మనం ఆంగ్లశాఖలకూ, బి.ఇడి. కళాశాలలకూ వదిలివేశాం. అది మన ప్రశ్న అనీ, సమాధానానికి కావలసిన సామగ్రి చాలావరకు మన వద్దనే ఉందనీ నా వాదన.

సాయపడితే ఆంగ్లమాధ్యమాన్ని అంగీకరించినట్లేనని కొందరు మిత్రుల అభ్యంతరం. మాతృభాషా మాధ్యమం కోరేవారిలో నేనూ ఉన్నాను. కానీ మన వాదం నెగ్గేదాకా ఆరేళ్ల పిల్ల ఒకటో తరగతిలోనే ఆగి ఉండదు.

తీసివేత లెక్కనే చూద్దాం. ‘పన్నెండులోంచి ఐదు తీసివేయి’ అంటే పెద్ద సంఖ్య ముందు వస్తుంది. లెక్కనూ అదే వరుసలో రాస్తాం. ‘సబ్‌ట్రాక్ట్ ఫైవ్ ఫ్రమ్ ట్వెల్వ్’ అన్నప్పుడు వరుస తిరగబడుతుంది. విన్న వరుసనే నమ్మిన బాలిక 5 - 12 అని రాస్తుంది. భిన్నాల్లోనూ ఇంతే. ‘నాలుగింట మూడు’ అన్నప్పుడు హారం ముందు, లవం తరువాత. ‘త్రీ ఫోర్త్స్’లో అది తారుమారు. ‘పదమూడు’లో పది ముందుంది, ‘థర్టీన్’లో మూడు ముందుంది. ఇక్కడ తప్పిన ప్రతిసారీ ఆ బాలికకు లెక్కలు రావన్న ముద్ర పడుతుంది. నిజానికి ఆమె తెలుగు పదక్రమాన్ని నిష్ఠగా పాటించింది. ఈ సంగతిని ఉపాధ్యాయునికి విడమరచి చెప్పగలవాడు తెలుగు వాక్యనిర్మాణం చదివినవాడే. మనమేమో రెండు భాషల వ్యాకరణాల పోలికను ఎం.ఏ. ప్రశ్నపత్రానికి అప్పగించి ఊరుకున్నాం.

ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఉన్నాయి కదా అనవచ్చు. ఒక పుట ఆంగ్లం, ఎదుటి పుట తెలుగు. ఆలోచన మంచిదే. కానీ ‘ఎవాపరేషన్’కు ఎదురుగా ‘బాష్పీభవనం’ అని అచ్చువేస్తే ఒక తెలియని మాటకు మరొక తెలియని మాట జతపడుతుందే తప్ప అర్థం పుట్టదు. తీగమీద ఆరిన తడిబట్ట, పొయ్యిమీద ఆవిరైన నీరు ఆ బాలికకు తెలుసు. పావు, అర, ముప్పావు ఆమె అంగడిలో విన్న మాటలే. ఈ ఇంటి మాటలను ప్రాంతాలవారీగా సేకరించి, ఏ పాఠంలో ఏ భావనకు ఏది మెట్టు కాగలదో చూపే పదకోశం ఉపాధ్యాయుని చేతికి అందాలి. ఎదుటి పుటలోని తెలుగు పండితుల తెలుగు కావడం మన నిర్వాకమేనని ఒప్పుకోక తప్పదు.

తరగతిలో తెలుగు వినబడితే ఆంగ్లం రాదన్న నమ్మకం మరొక అడ్డంకి. సంభాషణకు చాలే ఆంగ్లం రెండేళ్లలో అబ్బినా, చదువుకు చాలే ఆంగ్లానికి అయిదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చునని జిమ్ కమిన్స్ పరిశోధనలు చెబుతున్నాయి. ఆ ఏళ్లలో భావనలు ఏ భాషలో పెరగాలి? శాన్‌ఫ్రాన్సిస్కో చైనీయ విద్యార్థుల వ్యాజ్యంలో, బోధనభాష అర్థంకాని పిల్లలకు అవే పుస్తకాలు, అదే ఉపాధ్యాయుడు ఉన్నంతమాత్రాన సమానత్వం కాదని అమెరికా సుప్రీంకోర్టు 1974లోనే తేల్చింది. అమెరికాకు వలసపోయిన తెలుగు కుటుంబపు బిడ్డకు ఆంగ్లం రాకపోతే అక్కడి ప్రభుత్వ పాఠశాల సాయపడి తీరాలి. సొంత ఊరి బడిలోని తెలుగు బిడ్డకు అటువంటి హామీ లేదు. కనీసం ఆమె తెలుగులో ఆలోచించి, తెలుగులో బదులు చెప్పి, ఆ బదులును ఆంగ్లంలోకి మార్చుకొనే వ్యవధినైనా తరగతి ఇవ్వాలి.

ఏటా ఆగస్టు 29న మనం గిడుగు రామమూర్తిని తలచుకుంటాం. వ్యావహారిక భాషోద్యమపు తొలి ప్రేరణల్లో ఒకటి పాఠశాలల ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్ బోధన గురించి లేవనెత్తిన సందేహమన్నది మాత్రం దండల కింద మరుగున పడుతుంది. సవర పిల్లలకు చదువు చెప్పించడానికి గిడుగు ముందు తాను సవర నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించారు. నేటి సీతంపేట సవర బాలికకు ద్విభాషా పుస్తకంలోని తెలుగు పుట కూడా పరభాషే. మన పదకోశం తెలుగుతో ఆగిపోతే ఆమెకు అది ఎందుకూ కొరగాదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆదివాసీ భాషలతో మొదలైన బహుభాషా బోధన అనుభవాన్ని ఇక్కడ తిరిగి పరిశీలించాలి.

పాఠ్యపుస్తకపు తెలుగు పుటలను పరీక్షించడం, తరగతి సంభాషణలను రికార్డుచేసి విశ్లేషించడం, పిల్లల లెక్కల తప్పుల్లో తెలుగు వాక్యక్రమపు జాడలు వెతకడం: వీటిలో ఏదైనా ఒక పిహెచ్.డి.కి చాలినంత పని. ఇటువంటిది సాహిత్య పరిశోధన కిందికి రాదని పాఠ్యప్రణాళికా సంఘాలు తిరస్కరిస్తాయన్న మాట వింటూనే ఉన్నాను. ఆ సంఘాల్లో కూర్చునేది మనమే.