లినక్సుపై వీడియో ఆటలు: ఒక గృహిణి యభిప్రాయము



వీడియో ఆటలను గూర్చి గృహిణులు ముచ్చటించుకొన నేల యని కొందరు సంశయింపవచ్చును. వైకుంఠపాళియు, అష్టాచెమ్మయు, వామనగుంటలును మనకు నేర్పినవారు మన తల్లులే కదా! నేటి బిడ్డలు కంప్యూటరుపై నాడు నాటలు మన మెరుగనివగుటచే వానిపై తీర్పు చెప్పుట సులభముగను, ఆడి చూచుట కష్టముగను తోచును. నేను ఆడి చూచితిని. రాత్రి భోజనములైన పిమ్మట అరగంట సేపు ఇప్పటికిని ఆడుచున్నాను. అదియును లినక్సు అను వ్యవస్థపై నాడుచున్నాను. కావున నా యనుభవమునకు వచ్చిన సంగతులను ఈ నెల మీకు విన్నవించుచున్నాను.

ఈ ప్రసంగమునకు మొదటి కారణము డబ్బు. మైక్రోసాఫ్టు వారు విండోసు 10 నకు సామాన్యముగ నొసగుచుండిన రక్షణలను 2025 అక్టోబరు 14 తో చాలించిరి. కోరి నమోదు చేసికొన్నవారికి మరియొక యేడు గడువిచ్చిరి. విండోసు 11 వేసికొందమన్న, ఇంటెలు వారి యెనిమిదవ తరమునకు పూర్వపు ప్రాసెసర్లు గల యంత్రములు సామాన్యముగ నర్హములు కావు. టి.పి.ఎమ్. 2.0 అను భద్రతాంగము కూడ నుండవలయును. ఇందుచే చక్కగ పనిచేయు యంత్రములెన్నియో పనికిరానివను పేరు పొందినవి. బడిపంతులు జీతముతో సంసారము నడుపుకొను మావంటివారికి క్రొత్త యంత్రమనగా కొన్ని నెలల కూడబెట్టు. పాఠముల నిమిత్తము కొన్న మా పాత యంత్రమున లినక్సు మింటు అను దానిని నెలకొల్పితిమి. వ్రాతపనికిని, పాఠములకును కొరత లేదు. ఇక మిగిలినది పిల్లల ప్రశ్న: “అమ్మా, దీనిపై ఆటలు నడచునా?”

లినక్సు అనగా నేమో ముందు చెప్పెదను. 1991 వ సంవత్సరమున ఫిన్లండు దేశమున లైనస్ టోర్వాల్డ్సు అను విద్యార్థి దీని కంకురార్పణ చేసెను. యంత్రమునకును, మనము నడుపు పనులకును నడుమ నుండి సర్వమును చక్కబెట్టు భాగమునకు కెర్నెలు అని పేరు. దాని మూలవ్రాతను ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పదిమందికి పంచవచ్చును. పొందూరున వాలుగచేప దవడతో పత్తిని దువ్వి సన్ననూలు వడకు విధమును ఎవరైనను పోయి చూచి నేర్చుకొనవచ్చునట్లే, ఇచటను పనితనము దాపరికములో లేదు. మన తెలుగువారిలో స్వేచ్ఛ అను సంస్థవారు 2005 లో తెలుగున నడచు లినక్సు వ్యవస్థను వెలువరించిరి; పిల్లల కొరకు బాలస్వేచ్ఛ యనునది యొకటి సిద్ధపరచిరి. మరియొక వింత యేమనగా, మన చేతనున్న ఆండ్రాయిడు ఫోనుల కన్నిటికిని మూలము లినక్సు కెర్నెలే. కనుక లినక్సుపై ఆటలు నడచునా యని యడుగు పిల్లవాడు ఎన్నేండ్లనుండియో ఫోనులో నడపుచునే యున్నాడు.

అట్లైన కంప్యూటరు ఆటలకు వచ్చిన చిక్కేమి? వానిలో హెచ్చుభాగము విండోసునకు తెలిసిన భాషలో వ్రాయబడినవి. బొమ్మ గీయుమనియు, ధ్వని చేయుమనియు, ఈ సంగతిని భద్రపరచుమనియు ఆట అడుగు ప్రతి కోరికయు ఆ భాషలోనే యుండును. లినక్సునకు ఆ భాష రాదు. ఇచ్ఛాపురము వైపున తెలుగును, ఒడియయు నెరిగినవారు బేరమున నడుమ నిలిచి ఇరువురి పనియు నెరవేర్చునట్లు, ఇచటను దుభాషి కావలెను. 1993 లో నారంభమైన వైను అను ప్రయత్నము అట్టి దుభాషియే. అది విండోసు యంత్రమును లోపల మరియొకటి కల్పించి నడపదు. ఆట అడిగిన కోరికను లినక్సు మాటలోనికి మార్చి చెప్పును. ఆటలనమ్ము స్టీము అంగడి గల వాల్వు వారు, ఆ వైనునకు మరికొన్ని సాధనములు చేర్చి, 2018 ఆగస్టులో ప్రోటాను అను పేర వెలువరించిరి. విండోసు వారి చిత్రభాషయగు డైరెక్టెక్సును వల్కను అను భాషలోనికి మార్చు డి.ఎక్స్.వి.కె. అందులోనిదే. 2022 లో ఆ వాల్వు వారే స్టీము డెక్కు అను చేతియంత్రమును లినక్సుతోనే యమ్మజూపిరి. ఒకప్పుడు ఎన్నో తంటాలు పడినగాని తెరువని ఆటలు నేడు మీట నొక్కగనే తెరుచుకొనుటకు ఇదియే హేతువు.

ఇక కొనబోవు తల్లులకు కొన్ని మాటలు. స్టీములో ఆటకు వెల యిచ్చుటకు మునుపు ప్రోటాన్‌డీబీ అను చోట దాని పేరు వెదకుడు. ఆడినవారు తమ యనుభవములను వ్రాసి, బంగారము, వెండి, కంచు అని తరగతులు కట్టుదురు. కొన్న పిదప నడువనిచో పదునాలుగు దినములలోపల, రెండు గంటలకు మించి ఆడకుండిన, సొమ్ము తిరిగి కోరవచ్చును. ఎన్‌విడియా వారి గ్రాఫిక్సు కార్డు కలవారు దానికి తగిన డ్రైవరును వేసికొనుట మరువరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది: లినక్సు వేసినంతమాత్రమున పాత యంత్రమునకు క్రొత్త బలము రాదు. వల్కను భాష నెరుగని పాత గ్రాఫిక్సుపై ప్రోటాను దుభాషి పని చాలవరకు సాగదు. మా యంత్రముపై చిన్న ఆటలు హాయిగ నడచును, పెద్ద ఆటలు నడువవు. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పి యుంచుట మేలు.

యంత్రమునకు బలమున్నను నడువని ఆటలు కొన్ని కలవు. వాలొరంటు లినక్సుపై నడువదు. ఫోర్ట్‌నైటు వారు లినక్సునకు తలుపు తెరువలేదు. ఎపెక్సు లెజెండ్సు చాలకాలము నడచినను, కపటులు లినక్సు మార్గమున చొరబడుచున్నారని చెప్పి, దాని కర్తలు 2024 అక్టోబరు చివర ఆ యనుమతిని తీసివేసిరి. ఈ ఆటలన్నిటను పలువురు దూరదేశములనుండి ఒకరితో నొకరు పోటీపడుదురు. మోసమును పట్టుటకై కాపలా సాధనములుండును. ఈజీ యాంటీచీటు, బ్యాటిల్ ఐ అను రెండు కాపలాలు 2021 నుండి ప్రోటానుతో పొసగగలవు. ఐనను ఆయా ఆటల కర్తలు సమ్మతింపవలయును. 2025 అక్టోబరు నాటి స్టీము లెక్కలలో లినక్సువారు నూటికి మూడు పాళ్లను మాత్రమే దాటిరి. ఇంత కొద్దిమంది కొరకు శ్రమ యేలయని కొందరు కర్తలు తలంతురు.

సభాపర్వము చదివినవారికి కపటపుటాట క్రొత్త కాదు. శకునివంటివాడు చేరిన సభలో పాచికలను పరీక్షించువా డొకడుండిన మేలేకదా యని మనకును తోచును. కావున కావలి వలదని నేననను. లినక్సున ఇంటివారు కెర్నెలునే మార్చుకొనగలరు గనుక తమ కావలి అచట నమ్మదగదని కర్తలు చెప్పు మాటలో కొంత న్యాయము కలదు. కాని యీ కావళ్లలో కొన్ని విండోసున కెర్నెలు లోతునకు చేరి కూర్చుండును. ఆట జరుగునది వీథియరుగుపైన, కావలివాడు మాత్రము మన దేవుని గదిలో కూర్చుండెదననుట! ఆ యంత్రముననే మన బ్యాంకు లెక్కలును, పిల్లల చదువును, కుటుంబపు చిత్రములును ఉన్నవి. ఒక ఆట కొరకు అంతటి చనువు ఈయవలెనా, వలదా యని తలిదండ్రులు ఆలోచింపవలయును.

ఆలోచించునప్పుడు పిల్లవాని వైపును చూడవలయును. మా పెద్దవానికి పదునైదేండ్లు. వాని స్నేహితులందరును సాయంకాలము కూడి ఆడుకొను ఆట మా యంత్రముపై నడువదు. వాడు అలుగలేదు, క్రొత్త యంత్రము కొనుమని పట్టుపట్టనులేదు. మరునాడు బడిలో వారు చెప్పుకొను మాటలలో తనకు పాలు లేకపోవుచున్నదని తమ్మునితో మాత్రము చెప్పుకొనెను. ఆ మాట నా చెవినబడిన నాడు, స్వాతంత్ర్యమును గూర్చి నేను చేయగల యుపన్యాసములన్నియు వాని కేమి యుపకరించునని తోచెను. ఆ యీడున తోడివారి పొందు అన్నము వంటిది.

మేము చేసినది చిన్నపని. సూపర్ టక్స్ కార్టు అను బండ్ల పందెపు ఆట ఒకటి కలదు. వెల లేదు, ప్రకటనలు లేవు, విండోసుపైనను లినక్సుపైనను నడచును, ఒకే తెరపై పలువురు ఆడవచ్చును. ఆదివారము మధ్యాహ్నము మిత్రులను మా యింటికి పిలువుమంటిని. ఒక పళ్లెము జంతికలతో ముగ్గురు వచ్చిరి, నాలుగవవాడు మావాడు. వారి కోలాహలమునకు వారి మాస్టారు పుస్తకము మూసి, వాకిట తిరుగవలసి వచ్చెను. సాయంకాలపు ఆట లోటు దీనివలన పూర్తిగ తీరెనని చెప్పను. వారములో రెండునాళ్లు మావాడు ఒక స్నేహితుని యింటికి పోయి ఆ ఆట నాడి వచ్చుచున్నాడు. అందుకు మేము అడ్డు చెప్పము.

నా యభిప్రాయము నిది. ఒంటరిగ నాడు ఆటలకును, చిన్నపిల్లల యాటలకును లినక్సు నేడు చాలును. జీకాంప్రి వంటి బాలల యాటలు వెల లేకయే దొరకును. దాని కొరకు మంచి యంత్రమును పారవేసి అప్పు చేయుట తగదు. పోటీ ఆటలే ప్రాణమైన పిల్లలున్న యింట మాత్రము, ఆ ఆట పేరు తెలిసికొని, అది నడచునో నడువదో విచారించి, పిల్లవానితో కూర్చుండి నిర్ణయించుకొనుడు. వానిని సంప్రతించి చెప్పిన “కాదు” వాడు సహించును. తెలియక చెప్పిన “కాదు” సహింపడు. ఏ ఆట కొనవలెనో, ఏ కావలిని లోనికి రానీయవలెనో తేల్చు తాళపుచెవి దుకాణదారుని చేత నుండరాదు. అది మన కొంగుననే యుండవలయును.